సహదేవీ గోత్రపరివర్తనము

శ్రీమద్గోదావరీతీరారణ్యమధ్యమున విరాజిల్లుచు, గుంతలచే గంభీరమై, గుంతలు పూడ్చిన తారు దిబ్బలచే మరింత గంభీరమైన పాల్వంచ, భద్రాచలం రహదారి మీద, ఒకానొక కార్తీకమాసపు మిట్టమధ్యాహ్నం, నేనెక్కిన బస్సు వెనక టైరు వీరస్వర్గం అలంకరించింది.

డ్రైవరు జాకీ రాడ్డనే గదను భుజాన వేసుకుని రణరంగంలోకి దిగాడు. కండక్టరు సారథ్యం స్వీకరించాడు. స్టెప్నీలోనూ గాలి అంతంతమాత్రమేనని తెలిసి సేన యావత్తూ హాహాకారాలు చేసింది. యుద్ధం చూసి చెప్పడమే తప్ప చేయడం చేతకాని సంజయుడి కోవకు చెందినవాణ్ణి కనక, నేను వెళ్ళి రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద కూలబడ్డాను. సరిగ్గా ఇలాంటి వేళలోనే ప్రబంధ నాయకుడికి వనకన్య ఎదురుపడాలి. నాకు రాయి మొదట్లో మూరెడు ఎత్తు గడ్డిమొక్క ఎదురుపడింది.

అదే ఈ కావ్యానికి నాయిక. పేరు సహదేవి. పాండవుల్లో కడగొట్టువాడికి ఈవిడ ఏమవుతుందో నేను చదివిన ఏ పర్వంలోనూ తేలలేదు. ఊళ్ళల్లో గరిటకమ్మ అని కూడా అంటారు. కింది ఆకును తొడిమతో సహా తుంచి చూస్తే నిజంగానే పప్పుగరిట చిన్నపిల్లల ఆటబొమ్మగా మారినట్టుంటుంది.

నాయికకు ముందు ఆమె కొలువున్న పురాన్ని వర్ణించడం కవిధర్మం. చిక్కల్లా ఏమిటంటే, ఈ పురం ఏ రాజ్యంలోదో చెప్పాలంటే ముందు సంవత్సరం ఏదో అడగాలి. భద్రాచలం తాలూకాను 1860లో నిజాంవారు ఇంగ్లీషు దొరలకు ధారపోశారు. దొరలు దాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఎగువ గోదావరి జిల్లా అన్నారు. 1874లో మద్రాసు రాజధానికి దత్తతిచ్చారు. నదికి ఇవతలి పాల్వంచ, ఖమ్మంమెట్టు మాత్రం నిజాం ఏలుబడిలో వరంగల్లు ఇంటిపేరు మోస్తూ ఉండిపోయాయి. 1953లో ఖమ్మం వరంగల్లుతో వేరుపడి సొంత కాపురం పెట్టింది. 1959లో భద్రాచలం తూర్పు గోదావరి గడప దాటి ఖమ్మం ఇంట కాలుపెట్టింది. 2014లో పోలవరం ముంపు పేరున చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు, వాటితోపాటు భద్రాచలం చుట్టూ ఉన్న పల్లెలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళిపోయాయి. 2016 దసరా నాడు మిగిలింది ఖమ్మం నుంచి విడివడి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. రాములవారు గుట్ట మీద నుంచి ఒక్క మెట్టు దిగకుండా ఇన్ని రాజ్యాలు తిరిగొచ్చారు. ఇప్పుడు భద్రాచలం ఊరు దాటి ఎటపాక వైపు నడిస్తే రాష్ట్రమే మారుతుంది. గరిటకమ్మ మటుకు రోడ్డుకు రెండు వైపులా అదే బూడిద రంగు నూగుతో అలాగే నిలబడి ఉంటుంది.

ఇక నాయిక. పేదవాడి ఆయుధమైన భూతద్దం నా చేతిసంచీలో ఎప్పుడూ ఉంటుంది. దాన్ని తీసి, రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కన్ను ఆనించాను. వెనక నుంచి చూసేవాళ్ళకు ఇది సాష్టాంగానికి అర్ధభాగంలా కనిపించి ఉంటుంది.

మూరెడు కాండం. దాని మీద గీతలు గీతలుగా గట్లు. గట్ల మీద విభూతి రాసినట్టు సన్నని నూగు. పైకి పోయేకొద్దీ ఆకులు బక్కచిక్కి, చివరికి ఆకులమన్న సంగతే మరిచిపోతాయి. కొనన కొమ్మలు చీలి, ఒక్కో కొమ్మకూ ఒక్కో తల. లోకాన్ని గడగడలాడించిన లంకేశ్వరుడికి పది తలలే. ఈవిడకు నేను లెక్కపెట్టినంతలో నలభై మూడు, ఆపైన బస్సు హారను మోగి లెక్క తప్పింది. ఒక్కో తల బియ్యపు గింజంత.

ఆ బియ్యపు గింజే ఒక కోట. చుట్టూ వరసలు వరసలుగా పచ్చని రక్షకపత్రాలు, మొనలు ఊదారంగు ఈటెలై ఆకాశాన్ని బెదిరిస్తుంటాయి. మనం పువ్వు అనుకునేది పువ్వు కాదు, కోటలోపలి అంతఃపురం. ఇరవై పైచిలుకు పూలు అందులో ఇరుక్కుని కాపురం చేస్తుంటాయి. చామంతికి, పొద్దుతిరుగుడుకు ఉన్నట్టు అంచున రేకల ఆర్భాటం లేదు. అన్నీ గొట్టపు పూలే, అన్నింటికీ అయిదేసి చీలికలే, అన్నీ ఊదా రంగే.

ఆ ఇరవైలో ఒకదాని లోపలికి దిగితే, అయిదు కేసరాలు చేతులు కలిపి గొట్టంలా బురుజు కట్టుకుని, పుప్పొడిని ఆ బురుజు లోపలే దాచుకుంటాయి. కింద పాతాళం నుంచి కీలం లేస్తుంది. పిచికారీలో కాడలాగా పుప్పొడిని పైకి నెట్టుకుంటూ బురుజు దాటి బయటపడి, అప్పుడు రెండుగా చీలి, పాము నాలుకలాగా వెనక్కి వంగుతుంది. సన్నగా, మొనదేలి, నూగుతో ఉండే ఈ రెండు నాలుకలే ఈ తెగకంతటికీ కులచిహ్నం. వృక్షశాస్త్రజ్ఞులు పిడకంత పుస్తకాలు రాసి కొట్టుకున్నది ఈ నాలుకల గురించే. మిల్లీమీటరు పొడవుంటాయో ఉండవో!

పూత అయిపోయాక ప్రతి పువ్వూ ఒక గింజై, నెత్తిన తెల్లటి జుట్టు కట్టుకుని గాలికోసం కాచుకుంటుంది. గాలి రాగానే చతురంగబలాలన్నిటినీ వదిలేసి, ఒక్క ఆకాశబలంతోనే బయల్దేరుతుంది.

ఇప్పుడు అసలు కథ, గోత్రం.

లోకంలో చాలామంది పేరు ముందు, ఇంటిపేరు వెనక పెట్టుకుంటే, మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం. మొక్కల శాస్త్రీయనామాలు కూడా మన పద్ధతే. ముందు ప్రజాతి, అదే ఇంటిపేరు. తర్వాత జాతి, అదే సొంతపేరు. లిన్నేయస్ మహాశయుడు స్వీడన్‌లో పుట్టాడు గానీ ఈ ఒక్క విషయంలో ఆయన మన జిల్లావాడే.

ఆయన 1753లో తన మహాగ్రంథంలో సహదేవిని కోనైజా ఇంట పుట్టించాడు. కోనైజా సినీరియా. సినీరియా అంటే బూడిదరంగుది. ఆయన ఈ దేశం మొహం చూడలేదు. డచ్చి కంపెనీ వైద్యుడు పాల్ హెర్మన్ సింహళంలో ఏరి, ఎండబెట్టి పంపిన కొమ్మల్ని చూసి జాతకం రాశాడు. జాతకం రాసేది ఎండిన బిడ్డకయితే ఇంటిపేరు అటూఇటూ కాకేమవుతుంది!

తర్వాత మన సామర్లకోటలో తోట వేసిన రాక్స్‌బర్గ్ దొర దీన్ని సెరాటులా ఇంటి పిల్ల అన్నాడు. కన్నతండ్రి తర్వాత మేనమామ పెట్టిన పేరు నిలవనట్టే అదీ నిలవలేదు.

1829లో జర్మనీలో క్రిస్టియన్ ఫ్రెడరిక్ లెస్సింగ్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు రంగప్రవేశం చేశాడు. ఆ దేశపు పెద్ద నాటకకర్త లెస్సింగ్‌కు తమ్ముడి మనవడు వరస. ఇతగాడు సహదేవిని వెర్నోనియా ఇంటికి దత్తతిచ్చేశాడు. ఆ దత్తత కాగితం అచ్చయింది ఏ పత్రికలోననుకున్నారు? లిన్నేయస్ పేరు మీద నడిచిన ‘లిన్నేయా’లో. తండ్రి పేరున కట్టిన సత్రంలో కూర్చుని తండ్రి పెట్టిన పేరు కొట్టేయడమంటే ఇదే.

వెర్నోనియా అనే ఇంటిపేరు విలియం వెర్నన్ అనే ఇంగ్లీషాయన మీద వచ్చింది. 1698లో అమెరికాలోని మేరీలాండ్‌కు వెళ్ళి మొక్కలు ఏరుకొచ్చాడు. 1791లో ష్రేబర్ ఆయన పేరు మీద ఈ ప్రజాతిని నిలబెట్టాడు. ఆ ఇంటికి మూలపురుషుడిగా లెక్కకొచ్చే మొక్క సొంతపేరు నోవెబొరాసెన్సిస్, అంటే న్యూయార్కుది. తాతల కాలంలో వీసాలు లేవు కనక సరిపోయింది గానీ, పాల్వంచ కిలోమీటరు రాయి కింద పుట్టిన గరిటకమ్మ న్యూయార్కు ఇంటిపేరుతో 161 ఏళ్ళు బతికింది. మద్రాసు రాజధాని మొక్కల పుస్తకం రాసిన గాంబుల్ దొర దగ్గర్నుంచి మొన్నమొన్నటి కాలేజీ రికార్డు పుస్తకాల దాకా వెర్నోనియా సినీరియా అనే రాసుకున్నాం. నేనూ రాశాను, బొమ్మ వేసి, నీలి పెన్సిలుతో రంగు దిద్ది మరీ.

వెర్నోనియా ఇల్లు ధర్మసత్రమైపోయింది. ఆఫ్రికా వాళ్ళు, ఆసియా వాళ్ళు, బ్రెజిల్ వాళ్ళు, రెండు నాలుకలు వెనక్కి వంచిన వాళ్ళంతా అందులోనే. వెయ్యి జాతుల దాకా చేరాయి. ఈ తెగ చిక్కుముడి విప్పలేక శాస్త్రజ్ఞులు ఎంత విసిగిపోయారంటే, 2007లో వచ్చిన ఒక పరిశోధనపత్రం శీర్షికలోనే దీన్ని దుష్టవంశం అన్నారు. అసురగణంలో చేర్చారన్నమాట, మన చిట్టి సహదేవిని.

ఈ వంశాన్ని ముక్కలు ముక్కలుగా పంచిపెట్టడానికి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థలో ఒక అవధాని పుట్టాడు. హెరాల్డ్ రాబిన్సన్, 1932లో పుట్టి 2020లో పోయాడు. చామంతి కుటుంబం ఆయన ఇలాకా. నాచుల మీద, ఒక రకం చిన్న ఈగల మీద కూడా ఆయన మాటే మాట. ఒక మనిషికి అన్నీ సూక్ష్మంగానే కనిపిస్తే ఏమవుతాడో అదే అయ్యాడు. సూక్ష్మదర్శిని కింద కేసరాల తోకలు, పుప్పొడి మీది గట్లు, నూగు వెంట్రుకల ఆకారాలు లెక్కలు వేసి, ఎవరిల్లు ఎవరిదో తేల్చాడు.

సాక్ష్యాలు గట్టివి. అమెరికా ఖండాల వెర్నోనియాల్లో క్రోమోజోముల మూలసంఖ్య 17. ఆసియా, ఆఫ్రికా చుట్టాల్లో 9 లేదా 10. సహదేవిది 9. ఒకే ఇంటివాళ్ళమని చెప్పుకునే అన్నదమ్ములకు ఇంటి గదుల లెక్కే కుదరలేదన్నమాట. పైగా ఆ వంశంలో చాలామందికి గింజ మీద నిలువు గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఈవిడ గింజ గుండ్రంగా, నూగుతో, గీతల్లేకుండా ఉంటుంది. 1990లో వాషింగ్టన్ జీవశాస్త్ర సంఘం పత్రికలో రాబిన్సన్ తీర్పు వెలువడింది. సహదేవి వెర్నోనియా కాదు, సయాంథిలియం.

ఈ ఇంటిపేరు ఆయన కనిపెట్టింది కాదు. జావాలో డచ్చివారి కొలువు చేసిన బ్లూమె 1826లోనే దాన్ని పెట్టి ఉంచాడు. లెస్సింగ్ కుర్రాడు పిల్లను పరాయింటికి పంపడానికి మూడేళ్ళ ముందే సొంతింటికి తాళంచెవి తయారై ఉంది. చేతికందడానికి 164 ఏళ్ళు పట్టింది. గ్రీకులో ఆ పేరుకు నీలి చిరుపువ్వు అని అర్థం. పువ్వు నీలం కాదు, ఊదా. గోత్రం కుదిరింది కదా, రంగు దగ్గర పేచీ పెట్టుకోను.

మొక్కల పేర్ల శాసనం ప్రకారం ఇంటిపేరు మార్చవచ్చు గానీ, ఆ మొక్కకు వచ్చిన మొదటి సొంతపేరు మార్చే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి బూడిదరంగు అలాగే నిలిచింది. పెద్దమనుషుల లెక్కలు మాత్రం చూడండి. పూర్తి పేరు రాసేటప్పుడు లిన్నేయస్‌ను బ్రాకెట్లో పెట్టి, రాబిన్సన్‌ను బయట పెడతారు. కన్నతండ్రి బ్రాకెట్లో, ఆస్తి కాగితం రాసిచ్చినాయన బయట! తాలూకాఫీసు ముఖం చూసిన వాళ్ళెవరికీ ఇందులో వింతేమీ తోచదు.

కానీ ఒక చిన్న ప్రమాదం జరిగింది. లాటిన్‌లో వెర్నోనియా స్త్రీలింగం, సయాంథిలియం నపుంసకం. సొంతపేరు ఇంటిపేరు లింగాన్నే అనుసరించాలి కనక సినీరియా కాస్తా సినీరియం అయింది. ఎంత అవమానం, ఆడపిల్లను వస్తువు చేశారే అని రెండు నిమిషాలు ఆవేశపడ్డాను. తర్వాత చిన్నయ సూరి గుర్తొచ్చాడు. 1858 నాటి బాలవ్యాకరణంలోనే కాదు, అంతకు వెయ్యేళ్ళ ముందు నుంచీ మన భాషలో అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది, గరిట వచ్చింది. అన్నిటికీ ఒకటే క్రియ. సహదేవి ‘పూసింది’ అంటే ఆమె పూసినట్టో అది పూసినట్టో చెప్పగల మొనగాడు తెలుగులో లేడు. లాటిన్ చేసిన అవమానం తెలుగు దాకా రాకుండా సరిహద్దులోనే ఆగిపోయింది.

ఇంతలో వెనక నుంచి గొంతు.

“ఏంది సారూ, గడ్డిల ఏమన్న పడిపోయిందా?”

చూస్తే మేకలు కాసే పెద్దామె. చేతిలో కర్ర, భుజాన తువ్వాలు. ఆమె వెనక అయిదారు మేకలు, ప్రేక్షకుల్లాగా.

“లేదు పెద్దమ్మా, ఈ మొక్కను చూస్తున్నా.”

“గరిటకమ్మనా? చూసేదేముంది దాంట్ల? ఏదీ దొరకనప్పుడు మేకలు తింటయ్.”

“దీనికి పేరు మార్చారు పెద్దమ్మా. అమెరికాలో ఒకాయన.”

“ఎందుకు?”

“ఇది ఆ ఇంటి పిల్ల కాదు, వేరే ఇంటిదని తేల్చాడు.”

“మల్ల దీనికి చెప్పిన్రా?”

నేను జవాబు వెతుక్కునేలోగా ఆమే అంది. “మాకు జిల్లా మార్చినప్పుడు గూడ గట్లనే. నా ఆధార్ కార్డు మీద ఇంకా ఖమ్మమే ఉంది. రేషన్ బియ్యం మాత్రం ఆగలే, వస్తున్నయ్.”

రాబిన్సన్ చూపిన పుప్పొడి గట్ల సాక్ష్యాన్ని ఆమె ముందు పెట్టే ధైర్యం నాకు లేకపోయింది.

ప్రబంధంలో కుకవినింద తప్పనిసరి కనక అదీ ఇక్కడే కానిచ్చేస్తాను. పేర్లు ఊరికే మార్చి జనాన్ని చంపుతున్నారని శాస్త్రజ్ఞుల మీద విరుచుకుపడే వాళ్ళున్నారు. వాళ్ళ కోపం ఎక్కడ పని చేస్తుందో చామంతిని చూస్తే తెలుస్తుంది. మన పూజల చామంతిని 1961లో త్స్వెలెవ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు క్రిసాంథిమం ఇంటి నుంచి లేపి డెండ్రాంథిమా ఇంట కూర్చోబెట్టాడు. పూలతోటలవాళ్ళు గగ్గోలు పెట్టారు. చివరికి 1999లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ కొలువుతీరి, నియమాన్నే కాస్త వంచి, చామంతికి పాత పేరు తిరిగిచ్చింది. చామంతి వెనక బజారుంది. పండగపూట కిలో ఎంత పలుకుతుందో మీకూ తెలుసు. సహదేవి కోసం ఎవరూ మహావిజ్ఞప్తి పెట్టలేదు, పెట్టాల్సిన పనీ లేదు. నా మట్టుకు నాకు రాబిన్సన్ తీర్పే న్యాయం. వెర్నన్ గారి మీద నాకు కోపం లేదు, ఆయన మేరీలాండ్ మొక్కలతో సుఖంగా ఉండవచ్చు.

నాకు కడుపుమంట వేరే చోట. అదే రోడ్డు వారన సహదేవికి రెండడుగుల అవతల గడ్డిచామంతి ఉంది. దానికి కాస్త అవతల వయ్యారిభామ. ఇద్దరూ అమెరికా ఖండం నుంచి దిగినవాళ్ళే. రెండోదాని పుప్పొడికి తుమ్మనివాడు లేడు, పొలంలో పెట్టిన శాపాలకు లెక్క లేదు. లిన్నేయస్ 1753లో వాళ్ళకు ఏ పేరు పెట్టాడో నేటికీ అక్షరం కదల్లేదు. చిరునామా తప్పని వాళ్ళు పరాయివాళ్ళు, నాలుగు ఇళ్ళు మారింది మన పిల్ల.

ఇంకొక్క సంగతి. ఈ అడవంతా తునికి చెట్లే. వేసవిలో కోయగూడేలన్నీ తెల్లారకముందే అడవిలో ఉంటాయి, ఆకు కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి, కల్లాల్లో ఎండబెట్టడానికి. ఆ ఆకే దేశమంతా బీడీ. ఆ చెట్టు కాళ్ళ దగ్గర నిలబడ్డ సహదేవి సంగతికొస్తే, థాయ్‌లాండులో సిగరెట్ మానాలనుకునేవాళ్ళకిచ్చే మూలికగా అక్కడి జాతీయ అవసర మందుల పట్టికకు ఎక్కింది. పొగతాగే నాలుకకు రుచి తెలియకుండా చేస్తుందని చెబుతారు. అంటే పైన రోగం, కింద మందు, ఒకే నేల, ఒకే వాన. వైద్యం నా పని కాదు కనక ఇంతకంటే లోతుకు దిగను. ఆ పూట మాత్రం మా బస్సు డ్రైవరు స్టెప్నీ బిగించి, చేతులు దులుపుకుని, సరిగ్గా సహదేవి మీద పాదం మోపి నిలబడి, బీడీ వెలిగించాడు.

హారను మోగింది. సేన రథమెక్కింది. కిటికీలోంచి చూస్తే, మడమ కింద వంగిన మొక్క అప్పటికే సగం లేచింది. దాని మీది నుంచి రెండు మూడు గింజలు నెత్తిన తెల్లజుట్టుతో సారపాక వైపు పోతున్నాయి, మా బస్సు కంటే ముందుగా.

పాఠకులకు ఒక్క మనవి. ఈ మొక్కను పుస్తకంలో వెతకాల్సి వస్తే, 1990కి ముందు అచ్చయినదైతే వెర్నోనియా దగ్గర చూడండి. కొత్తదైతే సయాంథిలియం దగ్గర. కొత్తదై ఉండీ అక్కడ లేకపోతే మళ్ళీ వెర్నోనియా దగ్గరే చూడండి, మన పుస్తకాలు చాలావాటికి ఆ తీర్పు ఇంకా చేరలేదు. తెలుగు పుస్తకమైతే ‘స’ తిప్పి సహదేవి, దొరక్కపోతే ‘గ’ తిప్పి గరిటకమ్మ.